ఆరు శనివారాల్లో ఐదు

"అదేం క్లాసురా? మిమ్మల్ని ముగ్గుర్ని మీ అమ్మ ఏ క్లాసుకు పోయి కన్నది?"

కరీంనగర్ నుంచి ఫోన్లో బాపు అన్న మాట ఇది. స్పీకర్ ఆన్‌లో ఉంది కాబట్టి మా ఆవిడ కూడా విన్నది. నవ్వింది గానీ ఆ నవ్వు నాకు నచ్చలేదు. నిజం చెప్పాలంటే లోలోపల నేను బాపు పక్షమే. కాన్పుకు క్లాసులేంటి? అందులో మొగుడు కూడా వచ్చి కూర్చోవడమేంటి? ఆరు శనివారాలు, పొద్దున పది నుంచి పన్నెండున్నర దాకా, జంటకు ఆరు వేలు. కూకట్‌పల్లి నుంచి మూసాపేట, ఎర్రగడ్డ, అమీర్‌పేట దాటుకుని హిమాయత్‌నగర్ పోవాలి. వారమంతా ఆఫీసుకు తిరిగేది చాలదన్నట్టు శనివారం కూడా అదే ట్రాఫిక్. వెళ్ళకపోతే ఇంట్లో గొడవవుతుందని వెళ్ళాను, అంతే.

మామూలుగా అయితే ముప్పై రెండో వారంలోనే మొదలుపెట్టమంటారట. శ్రీమంతం, చుట్టాలు, నా ఆఫీసు పని కలిసి మాకు ముప్పై నాలుగో వారం వచ్చేసింది. ఆ రెండు వారాల ఆలస్యం తర్వాత మమ్మల్ని ఎక్కడ కొట్టిందో చెప్తాను.

గదిలో తొమ్మిది జంటలం. జంటలంటే అన్నీ మొగుడూ పెళ్ళాలు కాదు. ఒకమ్మాయి వాళ్ళమ్మతో వచ్చింది, భర్త దుబాయ్‌లో ఉన్నాడట. ఇంకో అమ్మాయి ఆడపడుచుతో వచ్చింది. కింద యోగా చాపలు, గోడవారగా దిండ్లు, మధ్యలో మూడు కిలోల బరువున్న గుడ్డ బొమ్మ. మగవాళ్ళమంతా ఎవరూ చెప్పకుండానే తలుపు దగ్గర చేరి ఫోన్లు తీశాం. క్లాసు చెప్పే మేడమ్ మిడ్‌వైఫ్. ఇరవై ఏళ్ళుగా కాన్పులు చేస్తున్న మనిషి. లోపలికి రాగానే బొమ్మను తీసుకొచ్చి సరాసరి నా చేతుల్లో పెట్టింది. నేను దాన్ని క్రికెట్ బ్యాట్ పట్టుకున్నట్టు పట్టుకున్నాను. "తల, సార్. తల కింద చెయ్యి ఏదీ?" అంది. అందరూ నవ్వారు. నేను ఫోన్ జేబులో పెట్టేశాను.

ఆ రోజు ఆవిడ మగవాళ్ళను ఒక్కొక్కరినీ ఒకటే అడిగింది: మీ భయం ఏంటి? ఒకాయన "ఏం లేదు" అన్నాడు. ఒకాయన "బిల్లు" అన్నాడు. నేను "టైముకు హాస్పిటల్ చేరతామో లేదో" అన్నాను. సినిమాల్లో చూసిందేగా, అమ్మా అని అరవడం, కారు, హారన్లు. తొలిచూలు కాన్పుకు మామూలుగా గంటల తరబడి సమయం ఉంటుందని ఆవిడ తేల్చేసింది. నొప్పులు ఐదు నిమిషాలకొకటి చొప్పున వస్తూ, ఒక్కోటీ నిమిషం సేపు ఉంటూ, అలా గంట గడిస్తే బయల్దేరండి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనపడినా, బిడ్డ కదలికలు తగ్గినా మాత్రం ఆ లెక్కలేవీ చూడొద్దు, వెంటనే రండి. ఉమ్మనీరు పోతే రెండు సంగతులు రాసి పెట్టుకోండి, టైమెంత, రంగేంటి. తెల్లగా నీళ్ళలా ఉంటే ఒకటి, ఆకుపచ్చగా ఉంటే ఇంకొకటి. బిడ్డ లోపలే మలవిసర్జన చేస్తే ఆకుపచ్చగా ఉంటుంది, అప్పుడు ఇంకా తొందరపడాలి.

ఇది నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పదో తరగతి తర్వాత అంత శ్రద్ధగా నోట్స్ రాసింది అప్పుడే.

రెండో వారం ఐస్ ముక్కల పరీక్ష. పిడికిట్లో ఐస్ పట్టుకుని నిమిషం ఆగాలి. నొప్పి వచ్చినప్పుడు ఊపిరి ఎలా తీసుకోవాలో, ధ్యాస ఎలా మళ్ళించుకోవాలో దీంతో నేర్పుతారు. ఆడవాళ్ళందరూ నిమిషం దాటించారు. మగవాళ్ళలో ఒక్కడు తప్ప అందరం మధ్యలోనే వదిలేశాం. "ఇది చెయ్యి మాత్రమే. నొప్పులు ఇలా గంటల తరబడి వస్తాయి, మధ్యలో వదిలేసే వీలు లేదు" అంది మేడమ్. ఎవరూ జోకులు వెయ్యలేదు. తర్వాత నడుము కింద, వెన్నుపూస చివర ఎముక మీద అరచేతి మడమతో గట్టిగా ఒత్తడం నేర్పింది. "మెల్లగా నిమరకండి సార్, గట్టిగా. ఆమె చాలు అనేదాకా." మొత్తం కోర్సులో నేను బాగా నేర్చుకున్న పని అదే.

మూడో వారం ఆపరేషన్ల గురించి. 2019-21లో చేసిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు బోర్డు మీద రాసింది. దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు సిజేరియన్. తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5. "ఈ గదిలో అందరూ ప్రైవేటే కదా. తొమ్మిది మందిలో ఏడుగురికి ఆపరేషన్ అన్నమాట. ఎవరా ఏడుగురు?" అని అడిగి ఊరుకుంది. ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆపరేషన్ చెడ్డదని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. అవసరమైనప్పుడు అదే ప్రాణం కాపాడుతుంది. అవసరమో కాదో తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు చెప్పి, మగవాళ్ళతో పైకి అనిపించింది: ఇప్పుడే చెయ్యాలా? కాసేపు ఆగితే ఏమవుతుంది? వేరే దారి ఉందా? బట్టీ పట్టించినట్టే.

అక్కడే ముహూర్తాల సంగతి వచ్చింది. నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే అంతకు ముందు వారమే బాపు సిద్ధాంతి గారితో మాట్లాడి ఒక తేదీ, టైమూ పంపించాడు. నక్షత్రం బాగుందట, పొద్దున ఆరూ నలభైకట. లెక్క చూస్తే ఆ రోజుకు మాకు ముప్పై ఏడు వారాల నాలుగు రోజులు. కారణం లేకుండా ముప్పై తొమ్మిది వారాల ముందే కోసి తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బంది వచ్చే అవకాశం పెరుగుతుందని మేడమ్ చెప్పింది. ఆఖరి వారాల్లోనూ ఊపిరితిత్తులు, మెదడు ఎదుగుతూనే ఉంటాయట. ఆ రాత్రి బాపుకు ఫోన్ చేశాను. "డాక్టర్ ఒప్పుకుంటలేదు" అన్నాను. అబద్ధమేం కాదు, తర్వాత అడిగితే మా డాక్టరమ్మ కూడా ఒప్పుకోలేదు. కానీ క్లాసులో విన్నానని చెప్పి ఉంటే బాపు వినేవాడు కాదు.

నాలుగో వారానికి మా అత్తగారు తెనాలి దగ్గర పల్లె నుంచి వచ్చారు. కాన్పయ్యేదాకా మా దగ్గరుండి, ఆ తర్వాత కూతుర్ని, మనవణ్నో మనవరాలినో తీసుకెళ్ళాలని ఆవిడ ఏర్పాటు. ఆ శనివారం పాల గురించి. "అత్తయ్యా, మీరూ రండి" అన్నాను. "నాకెందుకు బాబూ, నలుగురు పిల్లల్ని పెంచాను" అన్నారు గానీ చీర మార్చుకుని వచ్చారు.

ఆ రెండున్నర గంటలకే ఆరు వేలూ ఇవ్వచ్చు. పుట్టగానే తేనె నాకించొద్దు, ఏడాది నిండేదాకా వద్దు, అందులో ఉండే ఒక రకం బ్యాక్టీరియా పసిపేగుల్లో విషం తయారుచేస్తుంది అని మేడమ్ అనగానే అత్తగారు లేచి నిలబడ్డారు. "మా పిల్లలందరికీ నాకించాం. ఎవరికీ ఏమీ కాలేదు" అన్నారు. మేడమ్ వాదించలేదు. "నిజమేనమ్మా, చాలామందికి ఏమీ కాదు. అయినవాళ్ళ ఇంట్లో మాత్రం ఆ మాట అనే వీలుండదు" అంది. అత్తగారు కూర్చున్నారు. ఒప్పుకున్నారని కాదు, ఆలోచనలో పడ్డారు.

తర్వాత ముర్రుపాలు. మొదటి రోజు బిడ్డ పొట్టలో పట్టేది చెంచా, చెంచాన్నర. అందుకే తల్లికి కొంచెమే వస్తాయి, ఆ కొంచెమే సరిపోతుంది. మరి తర్వాత పాలు ఎలా పెరుగుతాయి అని ఎవరో అడిగారు. హార్మోన్ల పేర్లతో మేడమ్ చెప్పబోతుంటే మా అత్తగారు వెనక నుంచి అందుకున్నారు: "దూడ మూతి పెట్టి నాలుగు కుమ్ములు కుమ్మితేనే కదమ్మా ఆవు చేపేది. మనిషికైనా అంతేగా." మేడమ్ బోర్డు దగ్గర ఆగిపోయింది. "చేపడం" అని పెద్ద అక్షరాలతో రాసి కింద గీత గీసింది. ఇకపై ప్రతి బ్యాచ్‌కూ ఇదే చెప్తానంది. ఇంటికొచ్చే దారిలో కారులో అత్తగారు ఆ క్లాసు తనే చెప్పినట్టు మాట్లాడారు. నాకు అదే కావాలి.

చిరాకు తెప్పించినవీ ఉన్నాయి. పాలపొడి కంపెనీలు ప్రకటనలు చెయ్యకూడదని 1992 నుంచే మన దేశంలో చట్టం ఉంది, అందుకని ఒక్క డబ్బా పేరు కూడా క్లాసులో వినపడలేదు. బాగుంది. అదే గదిలో ఐదో వారం ఓ కుర్రాడు టై కట్టుకుని వచ్చి బొడ్డుతాడు రక్తం దాచిపెట్టే స్కీము గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. ఈరోజు అరవై వేలు కడితే రేపు మీ బిడ్డకు ఏ జబ్బొచ్చినా ఇదే మందు అన్నట్టుగా. భయపెట్టి అమ్మడమే. తిరిగొచ్చాక మా పిల్లల డాక్టర్ని అడిగితే, మీ కుటుంబంలో ఫలానా రక్తపు జబ్బు ఉంటే తప్ప అక్కర్లేదు, ఆ డబ్బు బిడ్డ పేరిట బ్యాంకులో వెయ్యండి అన్నాడు. ఆ నలభై నిమిషాల్లో ఆపరేషన్ తర్వాత తల్లి మంచం మీద నుంచి ఎలా లేవాలి, కుట్ల మీద బరువు పడకుండా బిడ్డకు పాలెలా ఇవ్వాలి అన్నది నేర్పి ఉంటే, తొమ్మిది మందిలో ఆ ఏడుగురికీ పనికొచ్చేది.

ఆరో క్లాసు "ఇంటికి వెళ్ళాక". దానికి మేం వెళ్ళలేదు.

ఐదో క్లాసయ్యాక వచ్చిన గురువారం, ముప్పై ఎనిమిది వారాల ఐదు రోజులు, రాత్రి ఒంటిగంట పదికి మా ఆవిడ నన్ను లేపింది. పక్క తడిసింది. అత్తగారు దేవుడి గదిలోకి పరిగెత్తారు. నేను లైటు వేసి దుప్పటి చూశాను. తెల్లగా ఉంది. ఒకటీ పది, తెల్లగా అని ఫోన్లో రాసుకున్నాను. చేతులు వణుకుతున్నాయి గానీ ఏం చెయ్యాలో తెలుసు. సినిమాలో లాగా హారన్ కొట్టలేదు, ఆ టైములో అమీర్‌పేట కూడా ఖాళీగానే ఉంది.

నొప్పులు తెల్లవారుజామున మొదలయ్యాయి. ఆ పగలంతా నేను చేసిన పని ఒక్కటే, నడుము కింద అరచేతి మడమతో ఒత్తడం. మధ్యాహ్నానికి నా మణికట్టు వాచింది. ఆవిడ ఒకసారి చాలు అంది, ఇంకోసారి ఎందుకాపావు అంది, ఇంకోసారి నేను ఇక్కడ రాయలేని మాట అంది. సాయంత్రం ఐదింటికి గర్భాశయ ముఖం తెరుచుకోవడం ఆరు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. బిడ్డ గుండె కొట్టుకోవడం నొప్పి వచ్చిన ప్రతిసారీ పడిపోతోంది, తిరిగి లేవడానికి టైము తీసుకుంటోంది. డాక్టరమ్మ వచ్చి ఆపరేషన్ అంది.

అడిగాను. ఇప్పుడే చెయ్యాలా? ఆగితే ఏమవుతుంది? వేరే దారి ఉందా? ఆవిడ గ్రాఫు కాగితం చేతికిచ్చి ఆ పల్లాలు వేలితో చూపించింది. పక్కకు తిప్పి పడుకోబెట్టాం, సెలైన్ ఇచ్చాం, మార్పు లేదు, ఇంకో గంట ఆగితే బిడ్డకు ఆక్సిజన్ తగ్గొచ్చు, నేను ఆగను అంది. మొత్తం రెండు నిమిషాలు. సంతకం పెట్టాను. ఆ మూడు ప్రశ్నలూ ఆపరేషన్‌ను ఆపలేదు. కానీ ఇన్ని నెలలైనా, మా చుట్టాల్లో ఎవరైనా "డబ్బు కోసమే కోసుంటారు" అంటే నాకు కడుపులో ఏమీ కదలదు. మా ఆవిడకూ అంతే.

ఆరూ పదకొండుకు పాప పుట్టింది. రెండు కిలోల తొమ్మిది వందలు. నర్సు గుడ్డలో చుట్టి తెచ్చింది. తల్లికి కుట్లు వెయ్యడానికి ఇంకా ముప్పావుగంట పడుతుంది, ఆ లోపల బిడ్డను తండ్రి ఛాతీ మీద వేసుకోవచ్చని మూడో వారం మేడమ్ చెప్పింది. 1978లో కొలంబియా దేశం బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక బరువు తక్కువ పిల్లల్ని తల్లుల ఒంటికి కట్టి కాపాడారట, కంగారూ పద్ధతి అలా వచ్చింది. మా పాపకు బరువు సమస్య లేదు, అయినా ఒంటి వెచ్చదనం ఏ బిడ్డకైనా మంచిదే. అడిగాను. నర్సు వింతగా చూసి, "సార్, షర్టు విప్పుతారా మరి?" అంది. విప్పాను. ఒక చిన్న గదిలో కుర్చీ వేసి, పాపను నా ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పారు.

మన దగ్గర కాన్పంటే తండ్రికి ఏం పనుంటుంది? బయట తిరగడం, మందులు తేవడం, బిల్లు కట్టడం, స్వీట్లు పంచడం. పుట్టింటివాళ్ళు చూసుకుంటారు, మనం చుట్టపుచూపుగా వెళ్తాం. ఆ నలభై నిమిషాలు మాత్రం పాపకు నేను తప్ప ఎవరూ లేరు. ఛాతీ మీద తడితడిగా ఏదో తగిలింది. నోరు వెతుక్కుంటోంది, నా దగ్గర! "నా దగ్గర లేవమ్మా, కాసేపాగు" అన్నాను పైకే. కరీంనగర్ నుంచి అప్పుడే చేరిన బాపు తలుపు సందులోంచి చూసి, "అంగి లేకుంట ఏందిరా ఇది" అని వెళ్ళిపోయాడు. తర్వాత అమ్మతో ఏమన్నాడో తెలుసు గానీ చెప్పను.

మూడో రాత్రి అసలు పరీక్ష. పాప ఏడుపు ఆపదు. బరువు చూస్తే పుట్టినప్పటి కంటే రెండు వందల గ్రాములు తగ్గింది. రాత్రి డ్యూటీ నర్సు "పాలు పడట్లేదు, డబ్బా పాలు పట్టండి" అంది. మా ఆవిడ ముఖం చూడలేకపోయాను. నోట్‌బుక్ తీశాను. మొదటి రోజుల్లో ఏడు శాతం దాకా తగ్గడం మామూలే, పది దాటితే ఆలోచించాలి, ఎన్నిసార్లు పాస్ పోసిందో లెక్క చూడండి అని ఉంది. రెండు వేల తొమ్మిది వందల్లో రెండు వందలంటే ఏడు శాతం లోపే. పాస్ మూడుసార్లు. పిల్లల డాక్టర్‌తో మాట్లాడాను, పొద్దున్న దాకా చూద్దాం, గంటన్నరకోసారి రొమ్ము పట్టించండి అన్నాడు. అవసరమని ఆయన చెప్పి ఉంటే డబ్బా పాలే పట్టేవాళ్ళం, అందులో పట్టింపు లేదు. అత్తగారు రాత్రంతా కూతురి పక్కన కూర్చుని, పాప గడ్డం రొమ్ముకు ఆనేలా, నోరు బాగా తెరిచాక నల్లటి భాగం కూడా లోపలికి వెళ్ళేలా పట్టిస్తూ, "కుమ్మనీ, కుమ్మనీ, అదే చేపుద్ది" అంటూనే ఉన్నారు. మర్నాడు మధ్యాహ్నానికి పాలు చేపుకొచ్చాయి. చొక్కా తడిసింది, నాది కాదు.

నాలుగో రోజు పచ్చకామెర్లు, రోజున్నర నీలం లైటు కింద. ఆ సంగతి క్లాసులో ఒక్క వాక్యంలో దాటించేశారు. మాకు మాత్రం ఆ రోజున్నర వారంలా గడిచింది.

నాకు ఆఫీసులో ఐదు రోజులు సెలవిచ్చారు. ఆడవాళ్ళకు 2017 నుంచి చట్టప్రకారం ఇరవై ఆరు వారాలు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైన తండ్రులకు పదిహేను రోజులు. ప్రైవేటులో తండ్రులకు చట్టమేదీ లేదు, కంపెనీ దయ. నా ఐదు రోజులూ అయిపోగానే మా ఆవిడ, పాప, అత్తగారు తెనాలి వెళ్ళారు. నేను శని, ఆదివారాల తండ్రినయ్యాను.

అక్కడే ఆరో క్లాసు లేని లోటు తెలిసింది. అక్కడ పథ్యం మొదలైంది: వెల్లుల్లి కారం, కాయం ముద్ద, మంచినీళ్ళు మాత్రం కొలిచి గ్లాసు. బాలింత నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందట. పాలిచ్చే మనిషికి దాహం ఎంత వేస్తుందో ఎవరికీ పట్టలేదు. రాత్రి ఫోన్ చేస్తే ఆవిడ ఏడుస్తోంది. ఎందుకంటే తెలియదు అంటుంది. మొదటి రెండు వారాలు అలా ఉండొచ్చు, అది దాటినా తగ్గకపోయినా, బిడ్డ మీద ధ్యాసే లేకపోయినా డాక్టర్‌ని కలవాలి అని ఐదో క్లాసు చివర్లో తొందరగా చెప్పిన ముక్క గుర్తుంది, అంతే. రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. పదకొండో రోజు హాయిగా మాట్లాడింది. ఆ పది రాత్రులు నేనెలా ఉన్నానో నాకు తెలుసు. నీళ్ళ గొడవను అత్తగారే తీర్చారు. జీలకర్ర వేసి కాచిన నీళ్ళు ఎన్నైనా తాగొచ్చని కొత్త పథ్యం కనిపెట్టారు. డాక్టరూ ఓడలేదు, అమ్మమ్మలూ ఓడలేదు.

డబ్బు కట్టి నేర్చుకునే చోటే అంతా ఉందని కూడా అనను. మా చెల్లెలు కరీంనగర్‌లో సర్కారు దవాఖానాలోనే కన్నది. తెలంగాణ ప్రభుత్వం 2017లో నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టింది కరీంనగర్‌లోనే. నడిపించడం, బంతి మీద కూర్చోబెట్టడం, ఊపిరి తియ్యడం అన్నీ దానికి అక్కడి సిస్టర్లే నేర్పారట, పైసా లేకుండా. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి తేనె సంగతీ చెప్పింది. కాకపోతే మా బావను ఎవరూ లోపలికి పిలవలేదు. ఆయన బయట చెట్టు కింద కూర్చున్నాడు.

పాపకు మూడో నెల వచ్చాక హైదరాబాద్ తీసుకొచ్చాం. మేడమ్‌కు మెసేజ్ పెడితే, "మీ ఆరో క్లాసు బాకీ ఉంది, వచ్చెయ్యండి" అంది. కొత్త బ్యాచ్. తలుపు దగ్గర అదే వరస, ఫోన్లు చూసుకుంటూ మగవాళ్ళు. ఈసారి గుడ్డ బొమ్మకు బదులు మా పాపను చాప మీద పడుకోబెట్టారు. క్లాసు సగం అది ఏడుస్తూనే ఉంది, భుజాన వేసుకుని తేన్పు తెప్పిస్తూ నేను గదంతా తిరిగాను. వెనక కూర్చున్న కుర్రాడొకడు మెల్లగా అడిగాడు, "అన్నా, ఆ ఐస్ ముక్క మీరెంతసేపు పట్టుకున్నారు?"

"యాభై సెకన్లు" అన్నాను.

"ముప్పై రెండు" అంది మా ఆవిడ, తల కూడా తిప్పకుండా.